రాత్రి తొమ్మిదిన్నర తర్వాతి వాద్యం: యమహా పీఎస్‌ఆర్-ఈ373 రివ్యూ

ఇంటర్ చదివే పిల్లలకు సంగీతానికి మిగిలేది రాత్రి భోజనాలయ్యాక ఒక గంట. అదీ రోజూ దొరకదు. ఆ వేళకు హాల్లో సీరియల్ నడుస్తుంటుంది, నాయనమ్మ మందులేసుకుని నడుం వాలుస్తుంది, చిన్నోడు ఎక్కాలు వల్లె వేస్తుంటాడు. హనుమకొండ, కాజీపేట వైపు అద్దె పోర్షన్లలో గోడకు అవతల ఇంకో సంసారం. సాధన, రికార్డింగు, బ్లాగులో పెట్టే పోస్టు, మూడూ ఆ గంటలోనే తెమలాలి. కీబోర్డు కొనడానికి పోయినప్పుడు అందరూ అడిగేది 'ఎన్ని టోన్లున్నయి?' అని. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ వినబడకుండా ఎంత బాగా వాయించుకోవచ్చు? వాయించింది పోస్టులోకి ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది?

ఈ రెండింట్లో యమహా పీఎస్‌ఆర్-ఈ373 తన తరగతిలో మంచి మార్కులే తెచ్చుకుంటుంది. కొన్ని చోట్ల విసిగిస్తుంది కూడా.

2020లో వచ్చిన మోడల్ ఇది. 61 మెట్లు, వేలి విసురును బట్టి శబ్దం పెరిగి తగ్గే రకం. 622 టోన్లు, 205 స్టైళ్లు (మన వాయింపు వెనక తనంతట తానే నడిచే డ్రమ్ములు, తోడు వాద్యాలు). ఒకేసారి 48 స్వరాల దాకా మోగుతాయి. పెడల్ తొక్కి రెండు చేతులా వాయించినా ఇంటి సాధనకు అది సరిపోతుంది. స్పీకర్లు రెండు, ఒక్కోటి 2.5 వాట్లు. గదికి చాలు, వినాయక మండపానికి చాలవు. పొడవు 94.5 సెంటీమీటర్లు, లోతు సుమారు 37, ఎత్తు సుమారు 12, బరువు 4.6 కిలోలు. పదిహేనేళ్ల పిల్ల ఒక్కతే ఎత్తగలదు, దివాన్ కిందికి దూరుతుంది. కానీ దివాన్ కింద పెట్టొద్దు, ఎందుకో దుమ్ము దగ్గర చెప్పుకుందాం.

622లో ఏడాదంతా వాడేవి పది దాటవు: మొదట్లోనే ఉండే పియానో, ఒకట్రెండు స్ట్రింగ్స్, ఫ్లూటు, ఆర్గాను, గిటారు. మిగతావి కొన్న మొదటి ఆదివారం ఇంటిల్లిపాదీ నొక్కి నవ్వుకోవడానికి.

చెవులకు

హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్లు వాటంతటవే ఆగిపోతాయి. ఇంతవరకు బాగుంది. ఇబ్బంది పిన్నుతో వస్తుంది. వెనకున్న హెడ్‌ఫోన్ రంధ్రం 6.35 మిల్లీమీటర్లది, ఫోన్ ఇయర్‌ఫోన్ల పిన్ను 3.5. మధ్యలో కన్వర్టర్ కావాలి. ఎలక్ట్రికల్ షాపులో 'మైకు పిన్ను' అని అడిగితే ఒక్క నల్ల గీత ఉన్న మోనో పిన్ను చేతిలో పెడతారు. అది పెడితే ఒక చెవిలోనే మోగుతుంది. రెండు నల్ల గీతలున్న స్టీరియో పిన్ను అడిగి తీసుకోవాలి. చిన్న వైరుతో ఉండే కన్వర్టర్ అయితే ఇంకా మేలు. గట్టి కన్వర్టర్ వెనక్కి పొడుచుకుని ఉంటుంది. దాన్ని గోడకు ఆనించి కీబోర్డు జరిపితే లోపల సాకెట్ టంకం కదులుతుంది, ఆ తర్వాత పిన్ను తిప్పినప్పుడల్లా గరగర.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి కదా అనుకోవద్దు. ఈ కీబోర్డులో బ్లూటూత్ లేదు. బయటి నుంచి ట్రాన్స్‌మిటర్ తగిలించినా, వేలు పడ్డాక శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఆలస్యం అవుతుంది. పాట వినడానికి ఆ ఆలస్యం తెలియదు. వాయించేవాళ్లకు మాత్రం తాళం ఎప్పుడూ వెనకబడ్డట్టే ఉంటుంది, తప్పు చేతిదా చెవిదా అర్థం కాదు. వైరు హెడ్‌ఫోనే కొనాలి, రెండు మీటర్ల వైరున్నది. ఫోన్ ఇయర్‌ఫోన్ల వైరు మెడ తిప్పితే ఊడిపోయేంత పొట్టి.

హెడ్‌ఫోన్లో శబ్దం ఎంత అన్నదీ పట్టించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికాం సంఘం (ఐటీయూ) కలిసి 2019లో పెట్టిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటలకు 80 డెసిబెల్స్, పిల్లలకు అదే 40 గంటలకు 75. మూడు డెసిబెల్స్ పెరిగిన కొద్దీ వినదగ్గ సమయం సగానికి పడిపోతుంది. ఇంట్లో మీటరు ఉండదు కాబట్టి ఒక మోటు పరీక్ష: హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తుండగా చేతికందే దూరం నుంచి అమ్మ మామూలు గొంతుతో పిలిస్తే వినబడాలి. వినబడకపోతే వాల్యూం ఎక్కువైనట్టు. అమ్మకూ అదే కావాలి.

హెడ్‌ఫోన్ పెట్టినా ఇంట్లోవాళ్లకు వినబడే శబ్దం ఒకటి మిగులుతుంది: మెట్ల టకటక. ప్లాస్టిక్ మెట్లు కింద దెబ్బ తగిలినప్పుడు వచ్చే చప్పుడు స్టాండు గొట్టాల గుండా నేలలోకి దిగుతుంది. మంచం మీద పెట్టుకుంటే పరుపు మింగేస్తుంది కానీ కీబోర్డు ఊగుతుంది, మణికట్టు వంగిపోతుంది. స్టాండు కాళ్ల కింద నాలుగు మడతల పాత టవలు ముక్కలో, ఒక రబ్బరు మ్యాటో వేస్తే చప్పుడు బాగా తగ్గుతుంది. ఇంకో కిటుకు సెట్టింగులోనే ఉంది. టచ్ రెస్పాన్స్‌లో సాఫ్ట్, మీడియం, హార్డ్, ఫిక్స్‌డ్ అని నాలుగు. సాఫ్ట్ పెడితే మెల్లగా తాకినా శబ్దం నిండుగా వస్తుంది. రాత్రిపూట అది పెట్టుకుంటే మెట్టును దంచాల్సిన పని లేదు. పొద్దున మళ్లీ మీడియంకు రావాలి, లేకపోతే వేళ్లకు బలం రాదు. హార్మోనియం మీద నేర్చి వచ్చినవాళ్లకు మొదటి వారం ఫిక్స్‌డ్ హాయిగా ఉంటుంది, ఎందుకంటే హార్మోనియంలో శబ్దం తిత్తిని బట్టి ఉంటుంది, వేలిని బట్టి కాదు. వారం దాటి అక్కడే ఉండిపోతే మాత్రం, వేలి విసురుకు స్పందించే కీబోర్డు కొన్న ప్రయోజనం పోయినట్టే.

పోస్టులోకి

ఈ మోడల్‌కు డబ్బులు పెట్టాల్సిన అసలు కారణం వెనక ఉన్న చదరపు యూఎస్‌బీ రంధ్రం, 'యూఎస్‌బీ టు హోస్ట్'. చాలా చవక కీబోర్డుల్లో ఈ దారిన పోయేది మిడీ మాత్రమే. అంటే ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత విసురుగా నొక్కారన్న లెక్క పోతుంది, శబ్దం పోదు. ఈ373లో శబ్దమే పోతుంది: 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో. సీడీ నాణ్యత అదే. మైకు అక్కర్లేదు. ఫ్యాను గాలి, కుక్కర్ విజిల్, గల్లీలో కూరగాయల బండి మైకు, ఇవేవీ రికార్డులోకి రావు. పదిమంది తిరిగే ఇంట్లో ఇది మామూలు సౌకర్యం కాదు.

పెట్టెలో ఈ కేబుల్ ఉండదు. కొన్ని ప్రింటర్లకు వాడే ఏ టు బీ కేబులే ఇది. టైప్-సీ ఫోనుకు అయితే సీ టు బీ కేబుల్ ఒకటి తీసుకుంటే ఓటీజీ ముక్క అవసరం ఉండదు. పాత లైట్నింగ్ ఐఫోన్లకు యాపిల్ కెమెరా అడాప్టర్ కావాలి.

ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే ముందు యమహా స్టైన్‌బర్గ్ యూఎస్‌బీ డ్రైవర్ వేసుకోవాలి. డ్రైవర్ వేశాకే కేబుల్ తగిలించాలి. తర్వాత ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, రికార్డింగు పరికరంగా కీబోర్డును ఎంచుకుని, ప్రాజెక్టు రేటు 44100గా పెట్టాలి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: పరికరం మార్చడం మరిచిపోతే ల్యాప్‌టాప్ సొంత మైకుతో రికార్డవుతుంది, అరగంట కష్టం ఫ్యాను గాలితో కలిసి వస్తుంది. రికార్డు నొక్కి ల్యాప్‌టాప్ మూత మీద గోటితో రెండు సార్లు కొట్టండి. తెర మీద గీత కదిలిందా, మీరు తప్పు మైకులో ఉన్నట్టు.

తెర మీది మీటరులో శబ్దం స్థాయి −6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోవాలి. సున్నా తాకితే పగులుతుంది, పగిలినదాన్ని తర్వాత బాగుచేయలేం. స్టైల్ నడిపిస్తుంటే పొంగేది సాధారణంగా డ్రమ్ములే, కాబట్టి ముందు స్టైల్ వాల్యూం తగ్గించాలి.

ఇంకో తికమక ఉంది. యూఎస్‌బీ తగిలించగానే విండోస్ ఈ కీబోర్డును స్పీకరుగా కూడా పట్టుకుంటుంది. ల్యాప్‌టాప్ మూగబోయింది, పాడైంది అని కంగారు పడతారు. ఆ పాట కీబోర్డు స్పీకర్లలోంచి వస్తుంటుంది. నిజానికి ఇది వరమే. ల్యాప్‌టాప్‌లో పాట పెట్టి, అదీ మీ వాయింపూ ఒకే హెడ్‌ఫోన్లో వింటూ సాధన చేయొచ్చు. కానీ ఆ పాట మీ రికార్డులోకి కూడా దూరితే కీబోర్డులోని ఫంక్షన్ పట్టీలో ఆడియో లూప్ బ్యాక్ వెతికి ఆఫ్ చేయాలి.

వీడియో కావాలంటే ఫోన్‌లోనే నేరుగా తీయొచ్చు, కానీ ఫోన్‌ను బట్టి ఉంటుంది. ఐఫోన్ కెమెరా యూఎస్‌బీ శబ్దాన్ని తనే పట్టుకుంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కంపెనీ కెమెరా యాప్ దాన్ని పట్టించుకోకుండా సొంత మైకే వాడుతుంది. అలాంటప్పుడు ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్‌లో ఆడియో సోర్స్‌ను బయటి మైకుకు మార్చి చూడాలి. అదీ కుదరకపోతే శబ్దం ల్యాప్‌టాప్‌లో, బొమ్మ ఫోన్‌లో విడివిడిగా తీసి కలపడమే. కలిపేందుకు గుర్తు కావాలి కాబట్టి మొదలుపెట్టే ముందు హెడ్‌ఫోన్ తీసి, స్పీకరు సన్నగా ఉంచి, ఒకే మెట్టును గట్టిగా ఒక్కసారి కొట్టండి. ఫోన్ మైకూ దాన్ని వింటుంది, ల్యాప్‌టాపూ వింటుంది. ఆ రెండు శిఖరాలను ఒకదాని కింద ఒకటి పెడితే మూడు నాలుగు నిమిషాల పాట చివరిదాకా కలిసే పోతుంది.

పాడుతూ వాయించేవాళ్లకు చేదు వార్త: మైకు పెట్టే చోటు లేదు. ఆక్స్ ఇన్ అని ఉన్నది ఫోన్ నుంచి పాట పంపడానికి. అక్కడ మైకు గుచ్చితే దోమ పాడినంత శబ్దం కూడా రాదు, ఎందుకంటే మైకు ఇచ్చే కరెంటు అతి సన్నం, ముందు దాన్ని పెంచే సర్క్యూట్ కావాలి. గొంతును ఫోన్‌లో విడిగా రికార్డు చేసుకోవాలి. హెడ్‌ఫోన్లో కీబోర్డు వింటూ, ముఖానికి జానెడు దూరంలో ఫోన్ పెట్టి, పరుపులూ బట్టలూ ఉన్న అర్రలో పాడితే ప్రతిధ్వని రాదు. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి దానికెదురుగా నిలబడితే మరీ మంచిది, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే.

ఫైలు సైజు లెక్క ముందే తెలిస్తే డేటా ప్యాకు మిగులుతుంది. వేవ్ ఫైలుగా దాచితే నిమిషానికి పది ఎంబీ పైనే, మూడు నిమిషాలకు ముప్పై ఎంబీ దాటుతుంది. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3 చేస్తే మూడు నిమిషాలు మూడు ఎంబీ లోపే. ఫోన్ స్పీకర్లో వినేవాళ్లకు ఆ తేడా తెలియదు. వేవ్ మీ దగ్గర ఉంచుకుని ఎంపీ3 ఎక్కించండి. బ్లాగర్ వాడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: అందులో ఆడియో ఫైలు నేరుగా ఎక్కదు. ఒక బొమ్మ మీద శబ్దం పెట్టి వీడియోగా చేసి ఎక్కించాలి, లేదా వేరేచోట పెట్టి లింకు ఇవ్వాలి.

అన్నీ అలవాటయ్యాక గంట లెక్క ఇలా తేలుతుంది. తగిలించి స్థాయి చూసుకోవడం ఐదు నిమిషాలు, మూడు నిమిషాల పాటకు రెండు మూడు ప్రయత్నాలు, మొదలూ చివరా కత్తిరించడం పది నిమిషాలు. మిగిలిన అరగంట రాతకు. మైకుతో అయితే ఆ అరగంట 'అమ్మా, ఐదు నిమిషాలు మిక్సీ ఆపవా' అని బతిమాలడానికే పోతుంది.

రాత దగ్గర ఒక చిన్న మాట. స్వరాలు పోస్టులో రాసేటప్పుడు పై స్థాయికి అక్షరం మీద, కింది స్థాయికి అక్షరం కింద చుక్క పెట్టడం పుస్తకాల పద్ధతి. ఫోన్లలో తెలుగు అక్షరం మీద ఆ చుక్క తరచూ పక్కకు జారుతుంది, లేదా ఖాళీ డబ్బా అవుతుంది. పోనీ కామా వాడదామంటే కర్ణాటక స్వరలిపిలో కామా ఒక అక్షరకాలం పొడిగింపు, సెమికోలన్ రెండు. గందరగోళం. పై స్థాయికి 'స^', కింది స్థాయికి 'ని_' అని రాసి, పోస్టు మొదట్లో ఒక వాక్యంలో ఆ సంగతి చెబితే ఏ ఫోన్లోనూ చెదరదు.

మన పాటలకు

సంగీతం నేర్చుకునే పిల్లలకు ట్రాన్స్‌పోజ్ మస్తు పనికొస్తుంది. మెట్లన్నిటి శ్రుతినీ ఒకేసారి పైకి 12, కిందికి 12 అరస్వరాలు జరపొచ్చు. సి మెట్టు ఒకటో శ్రుతి, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, ఎఫ్ నాలుగు, జి ఐదు, జి షార్ప్ ఐదున్నర. ఐదున్నర శ్రుతిలో పాడే అమ్మాయి ట్రాన్స్‌పోజ్‌ను −4 పెట్టుకుంటే సి నుంచే సరళీ స్వరాలు వాయించొచ్చు, మోగేది మాత్రం జి షార్ప్ నుంచి. మాయామాళవగౌళకు సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి. నలుపు రెండే, చిన్న వేళ్లకు సులువు. పని అయ్యాక ట్రాన్స్‌పోజ్ సున్నాకు తేవడం మరవొద్దు. మరిచి మర్నాడు వీడియో చూస్తూ వాయిస్తే అన్నీ అపస్వరాలే, 'కీబోర్డు శ్రుతి పోయింది' అంటూ దుకాణానికి ఫోన్లు.

గమకం మాత్రం రాదు. మెట్టు మెట్టుకూ మధ్య జారుడు లేదు, పైగా మోగే స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ చక్రం ఈ మోడల్‌కు లేదు. వరంగల్ విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వంటి చోట గాత్రమో వయొలినో నేర్చుకునేవాళ్లకు స్వరస్థానం సరిచూసుకునే తోడుగా, శ్రుతిగా పనికొస్తుందే తప్ప తోడి రాగం దీని మీద పలకదు. కాసియో సీటీ-ఎస్300కు ఆ చక్రం ఉంది. బరువు 3.3 కిలోలే, పట్టుకుని పోవడానికి పిడి కూడా ఉంది. కానీ దాని యూఎస్‌బీలో మిడీ ఒక్కటే, శబ్దం రాదు. స్నేహితుల ఇళ్లకు మోసుకెళ్లి వాయించేవాళ్లు కాసియో చూడొచ్చు. రికార్డు చేసి రాసుకునేవాళ్లకు ఈ373 నయం. తబలా, తాన్‌పురా ప్రధానం అనుకునేవాళ్లు యమహాలోనే భారతీయ టోన్లతో వచ్చిన పీఎస్‌ఆర్-ఐ500 చూడాలి.

బతుకమ్మ పాటలకు 205 స్టైళ్లలో ఒక్కటీ అతకదు. ఏది వేసినా ఏదో పెళ్లి బ్యాండులా వినిపిస్తుంది, చప్పట్ల నడకను డ్రమ్ముల మెరుపులు మింగేస్తాయి. స్టైల్ ఆపేసి డ్రమ్ కిట్ టోన్ ఎంచుకోండి. స్టాండర్డ్ కిట్‌లో ఎడమ నుంచి రెండో నల్ల మెట్టు చప్పట్ల శబ్దం, మొట్టమొదటి తెల్ల మెట్టు బేస్ డ్రమ్. ముందు చప్పట్లు ఒక్కటే ఆడాసిటీలో ఒక ట్రాకుగా వాయించి, దాని మీద రెండో ట్రాకులో ఫ్లూటుతోనో హార్మోనియం టోనుతోనో పాట వరుస ఎత్తుకోవచ్చు. ఎంగిలిపూల నాడు మొదలుపెడితే సద్దుల నాటికి ఇంట్లో పెద్దవాళ్లు పాడే తీరులో రెండు మూడు పాటల వరకు ఎక్కించవచ్చు. పల్లవి అన్ని చరణాలకూ ఒకటే కాబట్టి ఒక చుట్టు శుభ్రంగా వాయిస్తే చాలు, మిగతా చరణాలకు దాన్నే కాపీ చేసి అతికించొచ్చు. అలా అతికించింది యంత్రంలా ఉంటుందన్నది నిజమే. కనీసం మూడో చుట్టు మళ్లీ చేత్తో వాయించండి.

కరెంటు, దుమ్ము

అడాప్టర్ పీఏ-130, 12 వోల్టులది. రౌటర్ అడాప్టర్, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ పిన్నులు కూడా చాలావరకు పట్టేస్తాయి, అదే ప్రమాదం. వోల్టు ఒకటే అయినా పిన్నులో ప్లస్ మైనస్ తిరగబడి ఉంటే లోపల సర్క్యూట్ పోతుంది. కీబోర్డు అడాప్టరుకు రంగు టేపు చుట్టి పెట్టడం ఉత్తమం. లాగే కరెంటు పది వాట్లు కూడా ఉండదు కాబట్టి ఇన్వర్టర్ మీద నిశ్చింతగా నడుస్తుంది.

ఆరు డబుల్-ఏ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది. రీచార్జబుల్ వేస్తే ఒక్కోటి 1.2 వోల్టులే, ఆరూ కలిపి 7.2, మామూలువి అయితే 9. అందుకే ఫంక్షన్ పట్టీలో బ్యాటరీ రకం మార్చి చెప్పాలి, లేకపోతే ఎంత మిగిలిందన్నది తప్పుగా చూపిస్తుంది. బ్యాటరీలున్నాయి కదా అని కరెంటు పోయినా రికార్డింగు ఆగదనుకోవద్దు. అడాప్టర్ నుంచి బ్యాటరీకి మారే క్షణంలో ఆగిపోవచ్చు, ఆ పాట పోవచ్చు. వానాకాలం సాయంత్రాలు ముఖ్యమైన రికార్డింగుంటే మొదటి నుంచీ బ్యాటరీ మీదే పెట్టుకోండి. పరీక్షలప్పుడు రెండు నెలలు ముట్టుకోరు అనుకుంటే బ్యాటరీలు తీసేయాలి, కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి.

అరగంట ముట్టుకోకపోతే తనంతట తానే ఆరిపోతుంది. అన్నానికి పిలిస్తే వెళ్లొచ్చేసరికి అమర్చుకున్నవి పోయే కారణం అదే. అన్నిటికంటే కింది మెట్టు నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే ఆ ఏర్పాటు రద్దవుతుంది. కానీ పైలం: ఆ చివర కాకుండా ఈ చివర, అన్నిటికంటే పై తెల్ల మెట్టు నొక్కి పట్టి స్విచ్ వేస్తే దాచుకున్న సెట్టింగులు మొదటికొస్తాయి. చిన్నోళ్లున్న ఇంట్లో ఈ ముక్క వాళ్లకు చెప్పొద్దు. సస్టెయిన్ పెడల్‌ది కూడా ఇలాంటిదే. పెడల్ మీద కాలుంచి ఆన్ చేస్తే అది ఉల్టా పనిచేస్తుంది: తొక్కితే ఆగుతుంది, వదిలితే సాగుతుంది. ఆఫ్ చేసి కాలు తీసి ఆన్ చేస్తే చాలు.

ఇక దివాన్ సంగతి. ఒక్కో మెట్టు కింద రబ్బరు బుడిపె, దాంట్లో రెండు కార్బన్ చుక్కలు ఉంటాయి. మొదటి చుక్క తగిలాక రెండోది తగలడానికి పట్టే సమయాన్ని బట్టే విసురు ఎంతో కీబోర్డు లెక్కిస్తుంది. దివాన్ కింద ఊడ్చిన దుమ్ము, దూది పోగు లోపలికి చేరి ఒక చుక్కకు అడ్డం పడితే ఆ మెట్టు అసలు పలకదు, లేదా ఎంత మెల్లగా తాకినా ఒక్కసారిగా అరుస్తుంది. అందరూ మెట్టు విరిగిందనుకుంటారు. తుడవాల్సింది రబ్బరు పట్టీని. వారంటీలో ఉన్నంతకాలం మీరు విప్పొద్దు. సజ్జ మీద పెట్టినా ఇదే కథ, అదనంగా బల్లులు. స్టాండు మీదే ఉంచి పైన పాత నూలు దుప్పటి కప్పండి. దానివల్ల ఇంకో లాభం ఉంది: దించి, అమర్చి, వైర్లు పెట్టడానికి పది నిమిషాలు పడితే ఆ గంటలో ఆరో వంతు పోయినట్టే. దుప్పటి తీయడానికి అర నిమిషం.

కొనేటప్పుడు

దీని తర్వాత ఈ383 వచ్చింది. కాబట్టి ఇప్పుడు దొరికే ఈ373 పాత స్టాకు, ధర కూడా ఆ మేరకు తగ్గాలి. వరంగల్, హనుమకొండలో రెండు దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అడిగి, పెట్టెలో ఏముంటాయో రాయించుకుని పోల్చండి. పుస్తకం పెట్టే స్టాండు వస్తుంది. అడాప్టర్ ఉందో లేదో అడగాలి. కాళ్ల స్టాండు, పెడల్, యూఎస్‌బీ కేబుల్, హెడ్‌ఫోన్, బ్యాగు అన్నీ వేరే ఖర్చు. 'బ్యాగు ఫ్రీ' అంటే 'బ్యాగు వద్దు, డబుల్ ఎక్స్ స్టాండు ఇవ్వండి' అని బేరమాడొచ్చు. ఒంటి ఎక్స్ స్టాండు గట్టిగా వాయిస్తే ఊగుతుంది. కుర్చీలో కూర్చుంటే మోచెయ్యి, తెల్ల మెట్టు ఒకే ఎత్తులో ఉండాలి. స్టాండు ఆ ఎత్తుకు కుదురుతుందో లేదో అక్కడే కూర్చుని చూడండి.

దుకాణంలో పది నిమిషాలు అడగండి, సిగ్గుపడొద్దు. మీ హెడ్‌ఫోన్, కన్వర్టర్, ఫోన్, కేబుల్ వెంట తీసుకుపోవాలి. పియానో టోన్ పెట్టి, టచ్ మీడియంలో ఉంచి, 61 మెట్లనూ వరుసగా ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కండి. పక్క మెట్ల కంటే ఒకటి ఎక్కువగానో తక్కువగానో పలికితే వేరే పీసు తీయమనండి. హెడ్‌ఫోన్ పిన్నును మెల్లగా తిప్పి గరగర ఉందేమో వినండి. ఫోన్‌కు కేబుల్ పెట్టి అర నిమిషం రికార్డు చేసి అక్కడే విని చూడండి. డిస్‌ప్లేలో ఉన్న పీసు చూపించి మూసిన పెట్టె ఇస్తామంటే, డబ్బులు కట్టే ముందు ఆ పెట్టెనే విప్పించి ఇదంతా మళ్లీ చేయండి. కీబోర్డు అడుగున ఉన్న సీరియల్ నంబరు, వారంటీ కార్డు మీదిది, బిల్లు మీదిది మూడూ ఒకటేనా చూసి, బిల్లును అక్కడే ఫొటో తీసుకోండి. దుకాణాల బిల్లు కాగితం మీద అక్షరాలు ఏడాది తిరగకముందే వెలిసిపోతాయి.